గరాజ్ మీది పడకగదిలో చలి, వంటింట్లో పెట్రోలు వాసన

ప్రశ్న: మాది షికాగో శివారైన నేపర్‌విల్‌లో 1996లో కట్టిన రెండంతస్తుల ఇల్లు. రెండు కార్లు పట్టే గరాజ్ ఇంటికి ఆనుకుని ఉంది, దాని నెత్తిన అతిథుల పడకగది. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్యగారు, మామయ్యగారు ఆ గదిలోనే ఉంటున్నారు. హీటు ఎంత పెంచినా అక్కడ నేల మీద కాలు పెట్టలేకపోతున్నారు. మావారు తెల్లవారుజామున గరాజ్ పెద్ద తలుపు ఎత్తి, కారు స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు వేడెక్కనిచ్చి బయలుదేరతారు. నేను పోపు పెట్టేటప్పుడు పొయ్యి మీది పొగలాగే ఫ్యాను, అదే హుడ్, వేస్తే వంటింట్లోకి సన్నగా పెట్రోలు వాసన వస్తుంది. ఇల్లంతా నీచు వాసన పట్టకూడదని గరాజ్‌లో గ్యాస్ స్టవ్ పెట్టుకుని చేపలు వేయిస్తే, పావుగంటలో పై గదిలో తెలిసిపోతుంది. అత్తయ్యగారు వారం రోజులుగా లేవగానే తలనొప్పి అంటున్నారు. ఒక కాంట్రాక్టరు గరాజ్ పెద్ద తలుపు మార్చి, చలిని ఆపే పొర (ఇన్సులేషన్) ఉన్నది పెట్టించమంటున్నాడు. మరొకతను కప్పు విప్పి, చల్లగానే ఉబ్బి గట్టిపడే నురుగు (స్ప్రే ఫోమ్) కొట్టిస్తే సరిపోతుందంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

సమాధానం: మీ ఉత్తరంలో మీరు చివరకు పెట్టిన తలనొప్పిని నేను మొదటికి తెస్తున్నాను. ఇద్దరు కాంట్రాక్టర్ల సంగతీ తరువాత చూద్దాం. వయసు మీరిన మనిషి ఉదయం లేవగానే తలనొప్పి అనడానికి ప్రయాణ బడలిక, రక్తపోటు, పొడిగాలి, నిద్రలేమి వంటి కారణాలు ఎన్నో ఉండవచ్చు. కానీ ఆ మనిషి పడుకునేది గరాజ్ మీద అయినప్పుడు, ఆ గరాజ్‌లో రోజూ కారు నడుస్తున్నప్పుడు, కార్బన్ మోనాక్సైడ్ కాదని తేలేవరకు అదేనని అనుకోవడమే క్షేమం. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, తల తిరగడం, వికారం, నీరసం దీని తొలి లక్షణాలు; ఇంటి నుంచి బయటికి వెళ్ళిన కాసేపటికి తేలికపడడం మరొక గుర్తు. ఈ రాత్రి నుంచే అత్తయ్యగారిని, మామయ్యగారిని వేరే గదిలో పడుకోబెట్టండి, ఆమెను వైద్యునికి చూపించి ఈ అనుమానం కూడా చెప్పండి, గ్యాస్ కంపెనీకి ఫోను చేసి ఇంట్లో కొలత తీయించండి. అలారం మోగినా, ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఒంట్లో బాగుండకపోయినా, కారణం వెతుకుతూ కూర్చోకుండా అందరూ బయటికి వచ్చి 911కు ఫోను చేయాలి.

మీ ఇంట్లో అలారం ఉందో లేదో మీరు రాయలేదు. ఇల్లినాయ్ చట్టం ప్రకారం 2007 జనవరి 1 నుంచి ప్రతి పడకగదికి 15 అడుగుల లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. అయితే అది మోగడం లేదు కాబట్టి భయం లేదనుకోవడం పొరపాటు. మామూలు అలారాలు తయారయ్యే యూఎల్ 2034 అనే భద్రతా ప్రమాణంలో, గాలిలో పది లక్షల పాళ్ళకు 70 పాళ్ళు ఉన్నప్పుడు గంట మొదలు నాలుగు గంటల లోపల మోగితే చాలు. 30 పాళ్ళ దగ్గర అది మోగకూడదనే ఆ ప్రమాణం చెబుతుంది. అదే అమెరికా పర్యావరణ సంస్థ బయటి గాలికి పెట్టిన ఎనిమిది గంటల పరిమితి 9 పాళ్ళు మాత్రమే. ప్రాణాపాయం నుంచి కాపాడడానికి చేసిన పరికరం అది, రోజూ కొద్దికొద్దిగా వచ్చేదాన్ని పట్టడానికి చేసింది కాదు. తక్కువ మోతాదులను కూడా అంకెలలో చూపే మానిటర్లు విడిగా దొరుకుతాయి. ఆ పై గదిలో ఒకటి పెట్టుకోండి.

మీవారితో ఒక మాట చెప్పవలసి ఉంది. పెద్ద తలుపు ఎత్తి ఉంచడం సరిపోదు. చల్లటి ఇంజన్ స్టార్ట్ అయిన మొదటి నిమిషాలలోనే కార్బన్ మోనాక్సైడ్ అత్యధికంగా వస్తుంది, ఎందుకంటే పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కితే గాని పని చేయదు. కారు వెళ్ళిపోయి తలుపు మూసుకున్న తరువాత కూడా ఆ గాలి గంటల తరబడి గరాజ్‌లోనే నిలిచి, మెల్లగా ఇంట్లోకి దారి వెతుక్కుంటుంది. స్టార్ట్ చేసిన వెంటనే కారును డ్రైవ్‌వేలోకి తీసి, గరాజ్ తలుపు దించేసి, వేడెక్కించుకోవడమేదో అక్కడ చేసుకోవాలి. ఇందుకు పైసా ఖర్చు లేదు, రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఇక అసలు విషయం. మన ఊళ్ళలో కారు పోర్టికోలోనో, అపార్టుమెంటు కింద నాలుగు వైపులా తెరిచి ఉన్న స్టిల్టు పార్కింగులోనో ఉంటుంది కాబట్టి, కారు ఉండే చోటు బయటే అని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇక్కడ గరాజ్‌కు నాలుగు గోడలు, కప్పు, తలుపు, దీపం అన్నీ ఉండేసరికి, అది కూడా ఇంట్లో ఒక గదే అన్న భ్రమ కలుగుతుంది. ఇల్లు కట్టినవారు కూడా చాలా చోట్ల ఆ భ్రమలోనే కట్టారు; వీధి వైపు గోడకు చూపిన శ్రద్ధ గరాజ్ వైపు గోడకు చూపలేదు. గరాజ్‌ను ఆరుబయలుగానే లెక్కవేసి, దానికీ ఇంటికీ మధ్య ఉన్న గోడ, కప్పు, తలుపు మూడింటినీ బయటి గోడతో సమానంగా చూస్తే, మీ ప్రశ్నలో సగం చిక్కు దానంతటదే విడిపోతుంది.

చలికాలంలో ఇల్లు పొగగొట్టంలా పని చేస్తుంది. లోపలి వెచ్చటి గాలి పైకి లేచి అటక సందుల గుండా బయటికి పోతుంటే, పోయినంత గాలి కింది నుంచి లోపలికి రావాలి. కింది అంతస్తును ఆనుకుని ఉన్నది గరాజ్. దీనికి తోడు మీ హుడ్, స్నానాల గది ఫ్యాను, బట్టలు ఆరబెట్టే యంత్రం, ఇవన్నీ ఇంటి గాలిని బయటికి తోసేవే. పోపు వేళకు పెట్టిన హుడ్ నిమిషానికి 400 ఘనపుటడుగుల గాలిని లాగేస్తుంటే, అంత గాలీ ఎక్కడో ఒక చోటు నుంచి ఇంట్లోకి రాక తప్పదు. అది ఎక్కడి నుంచి వస్తోందో ఆ పెట్రోలు వాసనే మీకు చెబుతోంది. ఒక రకంగా మీ చేపల వేపుడు, మీ పోపు కలిసి, డబ్బు తీసుకునే ఇన్‌స్పెక్టరు చేయవలసిన పరీక్షను మీకు ఉచితంగా చేసిపెట్టాయి. మరమ్మతు అయ్యేవరకు హుడ్ వేసినప్పుడల్లా గరాజ్‌కు దూరంగా ఉన్న కిటికీని రెండు వేళ్ళ మందం తెరిచి ఉంచండి.

గాలి వచ్చే దారి ఎక్కడ? చాలామంది తలుపు చుట్టూ వెతుకుతారు. తలుపు సందులు నిజమే, కానీ మీ వంటి ఇళ్ళలో పెద్ద దొంగదారి కంటికి కనిపించదు. గరాజ్ కప్పులో ఉన్న చెక్క దూలాలు, ఇక్కడివారు జాయిస్టులనేవి, ఏ దిక్కుగా వెళ్తున్నాయో చూడండి. అవి గరాజ్‌కూ ఇంటికీ మధ్యనున్న గోడ మీదుగా అడ్డంగా ఇంట్లోకి సాగితే, ప్రతి రెండు జాయిస్టుల మధ్యా గోడ నెత్తిన ఒక కిటికీ తెరిచి ఉన్నట్టే. సాధారణంగా వాడే 2×10 చెక్కలను (పేరుకు రెండంగుళాల మందం, పదంగుళాల ఎత్తు; అసలు కొలత కొంచెం తక్కువ) ఒకదాని మధ్య నుంచి మరొకదాని మధ్యకు 16 అంగుళాల దూరంలో పెడితే, ఒక్కొక్క సందు పద్నాలుగున్నర అంగుళాల వెడల్పు, తొమ్మిదింబావు అంగుళాల ఎత్తు ఉంటుంది. ఇరవై రెండు అడుగుల గరాజ్‌కు అటువంటివి పదహారు వస్తాయి. అన్నీ కలిపితే సుమారు పదిహేను చదరపు అడుగులు, అంటే కొంచెం తక్కువగా ఒక తలుపంత. ఆ సందులలో ఫైబర్‌గ్లాస్ పీచు దూది కుక్కి పైన డ్రైవాల్ అనే జిప్సం పలకలు కొట్టేస్తారు. తలుపు తీసిపెట్టి, దానికి దూది పరుపు అడ్డం నిలబెట్టి, మూశామనుకున్నట్టే ఉంటుంది వ్యవహారం.

ఈ మాట నేను అనుభవం మీద రాస్తున్నాను. ఈ దేశంలో మేము కొన్న మొదటి ఇంట్లో కూడా గరాజ్ మీది గది ఇలాగే ఉండేది. ఒక పనివాడిని పిలిచి కప్పు నిండా కొత్త ఫైబర్‌గ్లాస్ పరిపించి, చెక్కు రాసిచ్చి, నిశ్చింతగా ఉన్నాము. రెండు చలికాలాలు గడిచినా గది వెచ్చబడలేదు. చివరకు గోడ దగ్గర డ్రైవాల్ ఒక ముక్క కోసి చూస్తే, గులాబీ రంగు పీచు అంచుల వెంట కాటుక గీసినట్టు నల్లటి చారలు ఉన్నాయి. చేత్తో లాగితే ఆ నలుపు లోపలిదాకా ఉంది. అది తడీ కాదు, బూజూ కాదు. రెండేళ్ళపాటు ఆ పీచు గుండా పారిన గాలిలోని దుమ్ము. ఫైబర్‌గ్లాస్ గాలిని ఆపదు, వడపోస్తుంది. ఈదురుగాలిలో గొంగళి ఒక్కటే కప్పుకుని నిలబడ్డవారికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. మీ గరాజ్‌లో కూడా ఒక ముక్క కోసి చూస్తే ఆ నలుపే కనిపించవచ్చు. అందుకే ముందు గాలిని కట్టాలి, ఆ తరువాతే చలికి అడ్డం పెట్టాలి. ఈ క్రమం తప్పితే రెండో పనికి పెట్టిన డబ్బు వృథా.

చిన్న సందులను మీరే పట్టుకోవచ్చు. గాలి బాగా ఉన్న ఒక చల్లని రోజున కిటికీలు మూసి, ఫ్యాన్లు, హుడ్ అన్నీ వేసి, ఇంటి లోపలి వైపు నుంచి ఒక అగరుబత్తిని గరాజ్‌లోకి వెళ్ళే తలుపు చట్రం వెంట, ఆ గోడ మీది స్విచ్‌బోర్డుల దగ్గర, గోడ కింద బేస్‌బోర్డు వెంట మెల్లగా జరపండి. పొగ ఎక్కడ చెదిరి ఇంట్లోకి వంగుతుందో అక్కడ గాలి చొరబడుతోంది. ఈ పరీక్షను ఇంట్లో నిలబడి మాత్రమే చేయాలి. పెట్రోలు డబ్బా, మంచు తోసే యంత్రం ఉన్న గరాజ్‌లోకి నిప్పు తీసుకువెళ్ళకూడదు, పెట్రోలు వాసన వస్తున్న సమయంలో ఇంట్లో కూడా వెలిగించకూడదు.

పెద్ద దారుల సంగతి తేల్చడానికి మాత్రం ఎనర్జీ ఆడిటర్‌ను పిలిపించి బ్లోయర్ డోర్ పరీక్ష చేయించండి. వారు ముందు తలుపులో పెద్ద ఫ్యాను బిగించి, ఇంటి లోపలి పీడనం బయటికంటే 50 పాస్కల్‌లు తక్కువ ఉండేలా గాలి లాగుతారు. ఆ స్థితిలో గరాజ్ పెద్ద తలుపు మూసి ఉంచి, ఇంటికీ గరాజ్‌కూ మధ్య ఉన్న పీడనం తేడాను ప్రత్యేకంగా కొలవమని మీరు నోరు తెరిచి అడగాలి, అడగకపోతే కొందరు కొలవరు. ఆ తేడా 50కి దగ్గరగా ఉంటే గరాజ్ నిజంగా ఆరుబయలుగానే ఉందని, మధ్య గోడ గట్టిదని అర్థం. 25 వచ్చిందంటే ఇంటికీ గరాజ్‌కూ మధ్య ఉన్న సందులు, గరాజ్‌కూ వీధికీ మధ్య ఉన్న సందులతో సమానమని అర్థం. గరాజ్ పెద్ద తలుపు అంచుల చుట్టూ పగటి వెలుగు కనిపించడం మీకు తెలిసిన విషయమే. మీ ఇంటి గోడ కూడా అంతే బోలుగా ఉందంటే ఎంత పని ఉందో ఊహించుకోవచ్చు.

మూసే పనిలో నిప్పును మరిచిపోకూడదు. ఈ గోడ, ఈ కప్పు చలికి, పొగకు మాత్రమే కాదు, మంటకు కూడా అడ్డు. ఇక్కడి నమూనా గృహ నిర్మాణ నిబంధనల ప్రకారం గరాజ్ వైపు గోడకు కనీసం అర అంగుళం డ్రైవాల్, పైన నివాసపు గది ఉంటే కప్పుకు అంగుళంలో ఐదు ఎనిమిదో వంతుల మందం గల, మంటను ఎక్కువసేపు తట్టుకునే టైప్ ఎక్స్ రకం డ్రైవాల్ ఉండాలి. తీగలు, పైపులు ఈ గోడను దాటే ప్రతి చోటా మంటను, పొగను నిలువరించే పదార్థంతో మూయాలి. అరలు బిగించడానికి కొట్టిన మేకుల కన్నాలు, పాత కేబుల్ టీవీ తీగ దూర్చిన చోటు, ఎలక్ట్రిక్ కారు ఛార్జరు పెట్టించి ఉంటే దాని లావుపాటి తీగ కోసం ఎలక్ట్రీషియన్ తొలిచి అలాగే వదిలేసిన రంధ్రం, ఇవన్నీ ఒక్కొక్కటిగా చూసి, సన్నటి సందుకు మంటను తట్టుకునే కాల్క్ అనే పూడిక ముద్ద, పెద్దదానికి డ్రైవాల్ అతుకు వేయాలి. నారింజ రంగు ఫోమ్ డబ్బా మీద ఫైర్‌బ్లాక్ అని ఉన్నంత మాత్రాన అది మంటలో గంటల తరబడి నిలుస్తుందని కాదు. అది చిన్న సందులను పూడ్చడానికే.

ఇంట్లోకి వచ్చే తలుపు సంగతి త్వరగా ముగుస్తుంది. అది కనీసం 1⅜ అంగుళాల మందం గల గట్టి చెక్కదో ఉక్కుదో, లేదా 20 నిమిషాలు మంటను ఆపుతుందని ముద్ర ఉన్నదో అయి ఉండాలి. అది పడకగదిలోకి తెరుచుకోకూడదు. చుట్టూ రబ్బరు పట్టీ, కింద గడపను తాకే పట్టీ (స్వీప్) వేయించి, ఒక కాగితం ముక్కను తలుపు సందులో పెట్టి మూసి లాగి చూడండి. తేలికగా జారి వస్తే పట్టీ సరిగా అంటలేదన్నమాట. దానంతటదే మూసుకునే కీలు ఒకటి పెట్టిస్తే, కిరాణా సంచులు రెండు చేతులా పట్టుకుని వచ్చినవారు తలుపు వదిలేసే అలవాటుకు కూడా విరుగుడు అవుతుంది. మరొకటి, పై గదికి వెచ్చటి గాలిని తీసుకువెళ్ళే డక్టు గరాజ్ కప్పులోంచే వెళ్తూ ఉంటుంది. దాని అతుకులను మాస్టిక్ అనే చిక్కటి జిగురు ముద్ద పూసి మూయించండి, డక్ట్ టేప్ అనే పేరున్న గుడ్డ టేపు కొన్నాళ్ళకే ఊడి వేలాడుతుంది. గరాజ్‌లోకి తెరుచుకునే గాలి రంధ్రం ఏదైనా ఉంటే అది నిబంధనలకు విరుద్ధం, మూయించివేయండి.

ఇప్పుడు మీ ఇద్దరు కాంట్రాక్టర్ల దగ్గరికి వద్దాం. గరాజ్ తలుపు మార్చమన్నవాడి మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. వీధిని వెచ్చబెట్టే ప్రయత్నం అది. గరాజ్ కొంత గోరువెచ్చగా అవుతుందేమో గాని, పొగ దారి మాత్రం అలాగే ఉంటుంది. పైగా పెద్ద తలుపు బిగుతై గరాజ్ గాలి వీధిలోకి పోయే దారి తగ్గితే, ఇంట్లోకి వచ్చే వాటా పెరిగినా ఆశ్చర్యం లేదు. స్ప్రే ఫోమ్ అన్న రెండోవాడు సత్యానికి దగ్గరగా ఉన్నాడు. అది గాలినీ చలినీ ఒకేసారి ఆపుతుంది. కానీ ఖరీదెక్కువ, దాన్ని డ్రైవాల్ కప్పకుండా గరాజ్‌లో బయటికి కనిపించేలా వదలకూడదు, కొట్టిన తరువాత అది గట్టిపడేవరకు, తయారీదారు చెప్పినంతసేపు ఇంట్లో ఎవరూ ఉండకూడదు. పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో ఆ పని పెట్టుకునేటట్లయితే వారిని ముందుగా ఎవరైనా బంధువుల ఇంటికి పంపండి.

మీ స్థానంలో నేను ఉంటే మధ్యేమార్గం పడతాను. కప్పంతా విప్పకుండా, ఇంటి గోడను ఆనుకుని రెండడుగుల వెడల్పున మాత్రమే డ్రైవాల్ పట్టీగా కోయించి, లోపలి పీచును తీయించి, ఒక్కొక్క సందుకు సరిపడా గట్టి ఫోమ్ బోర్డు ముక్కను, చుట్టూ కొంచెం ఖాళీ ఉండేలా కోసి, గోడ నెత్తిన నిలబెట్టి, ఆ ఖాళీని డబ్బా ఫోమ్‌తో నింపిస్తాను. జాయిస్టులు గోడకు సమాంతరంగా వెళ్తుంటే ఈ పదహారు కిటికీల బదులు ఒక పొడవాటి అతుకే మూయవలసి వస్తుంది, పని ఇంకా తేలిక. తరువాత కప్పుకు చిన్న రంధ్రాలు చేసి మిగిలిన ఖాళీలోకి సెల్యులోజ్ అనే కాగితపు పీచును ఒత్తిడితో దట్టంగా కూరిస్తారు. చలిని ఆపే శక్తిని ఆర్ అనే అంకెతో కొలుస్తారు; అంగుళానికి సుమారు ఆర్-3.7 చొప్పున, 2×10 జాయిస్టుల మధ్య నిండుగా కూరితే ఆర్-30కి పైనే వస్తుంది. మీ షికాగో ప్రాంతం వంటి ఐదవ వాతావరణ మండలంలో నేలకు అడిగేది కూడా ఆర్-30 మాత్రమే. ఇన్సులేషన్ పై గది నేల చెక్కను అంటుకుని ఉండాలన్నదే ఇక్కడ ప్రాణం వంటి విషయం. పాత పీచు పరుపులు కిందికి జారి, నేలకూ వాటికీ మధ్య నాలుగంగుళాల ఖాళీ మిగిలితే, ఆ ఖాళీలో చల్లటి గాలి తిరుగుతూ ఉంటుంది, అత్తయ్యగారి పాదాలకు తగిలేది అదే. దట్టంగా కూరితే ఆ ఖాళీ మిగలదు. పై గదికి స్నానాల గది ఉండి నీటి పైపులు ఈ కప్పులో వెళ్తుంటే, ఇన్సులేషన్ పైపులకు కింది వైపున, అంటే గరాజ్ వైపున ఉండాలి. ఇది తిరగబడితే జనవరిలో పైపు గడ్డకట్టి పగులుతుంది. రంధ్రాలు, కోసిన పట్టీ, అన్నీ మళ్ళీ టైప్ ఎక్స్ డ్రైవాల్‌తో, అతుకుల మీద వేసే టేపు, పూత ముద్దతో పూర్తిగా మూసినప్పుడే పని అయినట్టు.

చేపల వేపుడు మానమని చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు, కానీ గరాజ్‌లో గ్యాస్ స్టవ్ మాత్రం వద్దు. అది కూడా కార్బన్ మోనాక్సైడ్ ఇచ్చేదే, పక్కనే పెట్రోలు డబ్బా ఉంది. పెరట్లో ఆరుబయట పెట్టుకోండి, లేదా గరాజ్ పెద్ద తలుపు ఎత్తి ఉంచి కరెంటు పొయ్యి వాడుకోండి. పెట్రోలు డబ్బాను, పెయింటు డబ్బాలను, వీలైతే మంచు తోసే యంత్రాన్ని కూడా పెరటి షెడ్డులోకి మార్చండి. ఇంట్లోని గాలిలో కనిపించే బెంజీన్‌కు ఆనుకుని ఉన్న గరాజ్ ఒక ముఖ్యమైన మూలమని కెనడా ఆరోగ్య శాఖ కూడా గుర్తించింది, అందుకు కారు స్టార్ట్ చేయనక్కరలేదు, మూత సరిగా లేని డబ్బా చాలు.

డబ్బు విషయంలో, ఫెడరల్ పన్నులో ఇన్సులేషన్‌కు ఇచ్చే 30 శాతం క్రెడిట్ మీకు ఇప్పుడు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది 2025 డిసెంబరు 31తో ముగిసింది. కరెంటు, గ్యాస్ కంపెనీల రాయితీలు ఏమైనా ఉంటే పని మొదలుపెట్టక ముందే అడగండి, చాలా చోట్ల ముందస్తు ఆడిట్ లేకుండా అవి రావు. ఒప్పందంలోనే పని తరువాత మరొకసారి బ్లోయర్ డోర్ పరీక్ష చేయాలని, ఇంటికీ గరాజ్‌కూ తేడా 45 పాస్కల్‌లకు తగ్గకూడదని రాయించండి. ఇల్లు బిగుతైన తరువాత, నేలమాళిగలో గ్యాస్‌తో నడిచే వాటర్ హీటర్ పాత పద్ధతి పొగగొట్టం ఉన్నదైతే, హుడ్ వేసినప్పుడు దాని పొగ వెనక్కి రావడం లేదని కూడా అదే రోజున, అదే ఆడిటర్ చేత చూపించుకోండి. ఈ రెండూ కాగితం మీద చేతికి వచ్చిన తరువాతనే చివరి చెక్కు రాయండి, అత్తయ్యగారిని ఆ గదిలోకి మార్చండి.